‘మోర్ కంఫర్టబుల్’ అంటే తెలుగులో ఏమిటి?

అమెరికా ఆసుపత్రుల్లో డాక్టర్లు తరచూ వాడే మాట ఒకటుంది. ‘వుయ్ కెన్ మేక్ హిమ్ మోర్ కంఫర్టబుల్.’ వినడానికి ఎంతో మెత్తగా ఉంటుంది. ఎదురుగా కూర్చున్న తెలుగు కుటుంబం తల ఊపుతుంది. కొడుకో కూతురో తల్లి వైపు తిరిగి, ‘నాన్నగారికి ఇంకా కంఫర్టబుల్‌గా ఉండేలా చూస్తామంటున్నారమ్మా’ అని చెబుతారు. ఆవిడ మనసు కాస్త కుదుటపడుతుంది. మంచి గది ఇస్తారేమో, మంచి మందు వేస్తారేమో అనుకుంటుంది. డాక్టరు చెప్పింది మాత్రం అది కాకపోవచ్చు. జబ్బు ముదిరిన మనిషి విషయంలో ఆ మాటకు చాలాసార్లు ఉండే అర్థం వేరు. జబ్బు నయం చేసే దారి ఇక లేదు, మిగిలిన రోజులు బాధ లేకుండా గడిచేలా చూద్దాం అని.

చిక్కేమిటంటే ప్రతిసారీ అదే అర్థం కాదు. తలగడ సర్దడానికి వచ్చిన నర్సు కూడా అదే మాట అంటుంది. ఆపరేషన్ అయిన మర్నాడు నొప్పి మాత్ర ఇస్తూ కూడా అంటారు. మాట ఒకటే, సందర్భాన్ని బట్టి దాని బరువు మారిపోతుంది. ఈ దేశంలో పుట్టి పెరిగినవాళ్లు ఆ తేడాను గొంతులోనే పట్టేస్తారు. ఇరవై ఏళ్లు ఇంగ్లిష్‌లో ఉద్యోగం చేసిన మనలో చాలామందికి కూడా ఆ క్షణంలో అది తట్టదు. ఆఫీసు ఇంగ్లిష్ వేరు, ఆసుపత్రి ఇంగ్లిష్ వేరు.

మన తరం నలభైల్లోకి, యాభైల్లోకి వచ్చింది. తల్లిదండ్రులు డెబ్భై దాటారు. కొందరు గ్రీన్ కార్డుతో మన దగ్గరే ఉన్నారు, కొందరు ఆరు నెలలకోసారి వచ్చి వెళుతున్నారు. ఈ ఒక్క మాటను ముందే అర్థం చేసుకుని, దానికి తెలుగులో ఏమనాలో ముందే అనుకుని ఉండటం ఇప్పుడు మనందరికీ అవసరమని నా అభిప్రాయం.

సోఫా నుంచి ఐసీయూ దాకా

‘కంఫర్ట్’ అసలు అర్థం సుఖం కాదు. లాటిన్‌లో ‘ఫోర్టిస్’ అంటే బలమైనది. కోటను ‘ఫోర్ట్’ అనడం కూడా అక్కడి నుంచి వచ్చిందే. ఆ మాట ముందు ఒక ఉపసర్గ చేరి, ఫ్రెంచ్ మీదుగా ఇంగ్లిష్‌లోకి వచ్చిన ‘కంఫర్ట్’కు మొదటి అర్థం బలం చేకూర్చడం. తర్వాత ఓదార్చడం. మెత్తటి కుర్చీ, చల్లటి గది అనే అర్థం ఆ తర్వాతి కాలంలో పైకి వచ్చింది. మన భాషలో ‘ధైర్యం చెప్పడం’ అంటామే, పాత ‘కంఫర్ట్’ దానికి చాలా దగ్గర.

మనం మాత్రం ఆ మాటను అరువు తెచ్చుకున్నప్పుడు కుర్చీ అర్థాన్నే తెచ్చుకున్నాం. చెప్పులు కంఫర్టబుల్, కారు కంఫర్టబుల్, ఫలానావాళ్ల అబ్బాయి కంఫర్టబుల్‌గా సెటిల్ అయ్యాడు. ఇంకాస్త ముందుకెళ్లి, ఇష్టం లేదని నేరుగా చెప్పలేక ‘నాకు అంత కంఫర్టబుల్‌గా లేదండీ’ అనడం కూడా నేర్చుకున్నాం. ఆసుపత్రి అర్థం ఒక్కటే మన సంచిలో పడలేదు.

ఆ అర్థం ఎంత సున్నితమైనదో 2022 సెప్టెంబర్ 8న ప్రపంచమంతా చూసింది. ఆరోజు మధ్యాహ్నం బకింగ్‌హమ్ ప్యాలెస్ ఒక ప్రకటన ఇచ్చింది. రాణి ఎలిజబెత్ ఆరోగ్యం పట్ల డాక్టర్లు ఆందోళనగా ఉన్నారని, ఆమె బాల్మోరల్‌లో ‘కంఫర్టబుల్’గా ఉన్నారని అందులో ఉంది. ఆ ఒక్క విశేషణం చూడగానే బ్రిటన్‌లో చాలామందికి సంగతి అర్థమైపోయింది. ఆ సాయంత్రమే ఆమె మరణవార్త ప్రకటించారు. అదే మాటను తెలుగులో ‘సౌకర్యంగా ఉన్నారు’ అని చదువుకుంటే ఏమర్థమవుతుంది? ఆమెకు ఫర్వాలేదన్నట్టు ఉంటుంది.

దేనికంటే?

ఇక ‘మోర్’ సంగతి. ఇంగ్లిష్‌లో ఈ వాక్యం పోలికను సగంలో వదిలేస్తుంది. ‘మోర్ కంఫర్టబుల్’ అంటారు, దేనికంటే అన్నది చెప్పరు. మనం కూడా ‘మరింత’, ‘ఇంకాస్త’ అనేసి ఆ సగాన్ని దాచేయవచ్చు. కానీ తెలుగులో పోలిక చెప్పడానికి అసలైన పద్ధతి ‘కంటే’, ‘కన్నా’. విశేషణానికి తోక తగిలించి ‘ఎక్కువ’ను పుట్టించే వీలు మన భాషలో లేదు. రెండు వస్తువులనూ ఎదురెదురుగా పెట్టాల్సిందే. మామూలుగా ఇది భాషలో ఒక లోటులా కనిపిస్తుంది. ఆసుపత్రిలో అదే మనకు పెద్ద ఉపకారం.

ఆ మాట వినబడగానే అడగాల్సిన ప్రశ్న ‘దేనికంటే?’ ఇప్పుడున్న నొప్పి కంటే తక్కువగా ఉండేలా చూస్తారా? అలాగైతే వైద్యం కొనసాగుతూనే ఉంటుంది, నొప్పికి వేరే మందు ఇస్తారు. లేక కీమో, డయాలసిస్, వెంటిలేటర్ కొనసాగిస్తే పడే అవస్థ కంటే మెరుగ్గా ఉంటుందంటున్నారా? అలాగైతే వాటిని ఆపమని మెల్లగా సూచిస్తున్నారన్నమాట. రెంటికీ భూమికీ ఆకాశానికీ ఉన్నంత తేడా ఉంది. డాక్టరును ఇంగ్లిష్‌లోనే ఈ ప్రశ్న అడగవచ్చు. అడిగితే చెబుతారు. అడిగినందుకు ఎవరూ ఏమీ అనుకోరు, పైగా చాలామంది డాక్టర్లు ఆ ప్రశ్న కోసమే ఎదురుచూస్తుంటారు.

నాకు తెలిసిన ఒక కుటుంబంలో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. పెద్దాయనకు గుండె జబ్బు ముదిరింది. ‘ఆయన్ను మోర్ కంఫర్టబుల్‌గా ఉంచుతాం’ అన్నారు. ఇంట్లోవాళ్లు విజయవాడలో ఉన్న పెద్దకొడుక్కి ఫోన్ చేసి ‘నాన్నగారు కాస్త నయం, కంఫర్టబుల్‌గా ఉంచుతున్నారు, నువ్వు కంగారుపడి రానక్కర్లేదు’ అని చెప్పారు. ఆయన టికెట్ వాయిదా వేసుకున్నారు. అయిదో రోజు పెద్దాయన పోయారు. ఎవరూ అబద్ధం చెప్పలేదు. డాక్టరూ చెప్పారు, వీళ్లూ విన్నారు. మధ్యలో ఒక మాట తప్పిపోయింది. దాంతో పాటు ఒక కొడుకుకు కడసారి చూపూ పోయింది.

మన దగ్గర మాటలు లేవా?

ఉన్నాయి, కావలసినన్ని ఉన్నాయి. ఏది ఎక్కడ పనికొస్తుందో చూసుకోవాలి, అంతే.

‘సౌకర్యం’ ఈ చోటికి సరిపోదు. ‘సుకరం’ నుంచి వచ్చిన మాట అది, పని సులువుగా కావడం దాని మూలార్థం. అందుకే బస్సు సౌకర్యం, మంచినీటి సౌకర్యం అంటాం. మనిషి ఒంటికి అది అతకదు. ‘సుఖం’ దగ్గరి మాటే, ‘సుఖప్రసవం’లో ఇప్పటికీ ఆ అర్థం బతికే ఉంది. కానీ మంచంలో ఉన్న మనిషి గురించి ‘సుఖంగా ఉన్నారు’ అంటే వినేవాళ్లకు వేరేలా తోస్తుంది. ‘హాయి’ మంచి మాట, అయితే అది వెన్నెలకూ నిద్రకూ సంబంధించినది. ‘నెమ్మదించింది’, ‘కుదుటపడింది’, ‘తెరిపిన పడ్డారు’ అనే మాటలు ఎంతో అందమైనవి. కానీ ఈ మూడూ జబ్బు తగ్గుముఖం పట్టిందనే చెబుతాయి. వాటిని ఇక్కడ వాడితే లేని ఆశ కల్పించినట్టే. ‘ఉపశమనం’ అర్థంలో సరిపోతుంది కానీ పత్రికల్లో తప్ప ఇళ్లలో వినబడదు.

అన్నిటికంటే జాగ్రత్తగా వాడాల్సిన మాట ‘తగ్గుతుంది’. నొప్పి తగ్గుతుందన్నా, జబ్బు తగ్గుతుందన్నా మనకు ఒకటే క్రియ. ‘తగ్గిస్తామంటున్నారు’ అని కర్త, కర్మ లేకుండా చెబితే, వినే తల్లి ‘జబ్బు తగ్గిస్తారట’ అనే వింటుంది. వినాలనుకునేదీ అదే కాబట్టి.

అందుకని నాకు తోచే అనువాదం ఒక మాట కాదు, రెండు చిన్న వాక్యాలు. ‘నొప్పి, ఆయాసం తగ్గిస్తామంటున్నారు. జబ్బును తగ్గించలేమంటున్నారు.’ ఇంగ్లిష్ వాక్యం మొదటి సగాన్నే పలుకుతుంది, రెండో సగాన్ని మనకు వదిలేస్తుంది. తెలుగులో రెండూ పలకాలి. కఠినంగా అనిపిస్తే గొంతు తగ్గించి చెప్పవచ్చు, చెయ్యి పట్టుకుని చెప్పవచ్చు. రెండో వాక్యాన్ని మాత్రం మింగేయకూడదు.

ఆయాసం అన్నాను కాబట్టి ఇంకో సంగతి. మన పెద్దవాళ్లు దేవుడి దగ్గర కోరుకునేవాటిలో ‘అనాయాస మరణం’ ఒకటి. సంస్కృతంలో ఆయాసమంటే శ్రమ. తెలుగులో వాడుకలో అది ఊపిరి ఆడకపోవడం. చివరి రోజుల్లో మనిషిని ఎక్కువగా బాధపెట్టేవాటిలో నొప్పితో పాటు ఊపిరాడకపోవడమే ముఖ్యమైనది. ఇక్కడి డాక్టర్లు ‘కంఫర్ట్ కేర్’ అని పిలిచేది ప్రధానంగా ఆ రెంటినీ అదుపులో ఉంచే వైద్యమే. అంటే పరాయిదనుకుంటున్న ఆ మాటకు సరైన అర్థం మన ఇళ్లలో తరతరాలుగా ఉంది. ‘సునాయాసంగా వెళ్లిపోయారు’ అని ఎవరి గురించైనా అంటే అదొక మెప్పుదల. ఆ భాగ్యం కోరుకోవడం తప్పు కానప్పుడు, దానికోసం డాక్టరు సాయం తీసుకోవడం తప్పెలా అవుతుంది?

ఆశ వదులుకోవడం కాదు

ఇక్కడే మనవాళ్లకు ఒక పెద్ద భయం ఉంటుంది. ‘కంఫర్ట్’కు ఒప్పుకుంటే వైద్యం మానేసినట్టేనా? రేపు బంధువులు ‘అమెరికాలో ఉండి కూడా వదిలేశారు’ అంటారేమో? ఈ భయానికి మూలం రెండు వేర్వేరు విషయాలను ఒకటిగా చూడటం.

‘పాలియేటివ్ కేర్’ అంటే బాధను తగ్గించే వైద్యం. అసలు జబ్బుకు చికిత్స జరుగుతుండగానే దీన్ని మొదలుపెట్టవచ్చు. బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ డాక్టర్లు 2010లో ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’లో ఒక అధ్యయనం ప్రచురించారు. ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో కొత్తగా బయటపడ్డ 151 మందిని రెండు భాగాలు చేశారు. అందరికీ మామూలు క్యాన్సర్ వైద్యం ఇచ్చారు, ఒక భాగానికి మాత్రం మొదటి నుంచీ పాలియేటివ్ కేర్ కూడా కలిపారు. అలా కలిపినవారిలో దిగులు తక్కువగా కనిపించింది, చివర్లో తీవ్ర చికిత్సలు తక్కువమందికి జరిగాయి. అయినా వారి మధ్యస్థ జీవితకాలం 11.6 నెలలు, మిగతావారిది 8.9 నెలలు. ఒక్క అధ్యయనంతో అన్ని జబ్బులకూ తీర్పు చెప్పలేం. కానీ బాధ తగ్గించుకుంటే ఆయుష్షు తగ్గుతుందనే మన నమ్మకానికి అది గట్టి జవాబే.

‘హాస్పిస్’ వేరు. జబ్బు తన దారిన తాను సాగితే ఆరు నెలలకు మించి బతకరని డాక్టర్లు ధ్రువీకరించినప్పుడు, నయం చేసే చికిత్స మానుకుని బాధ తగ్గించే వైద్యం మాత్రమే తీసుకోవడం. మెడికేర్‌లో 1982 చట్టంతో ఈ సదుపాయం వచ్చింది. ఎక్కువగా ఇంటికే వచ్చి చూస్తారు. మనసు మారితే ఎప్పుడైనా బయటకు రావచ్చు. ఆరు నెలలు దాటితే మళ్లీ పరీక్షించి కొనసాగిస్తారు. మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ హాస్పిస్‌లో చేరారని 2023 ఫిబ్రవరిలో ప్రకటించినప్పుడు అందరూ రోజులు లెక్కపెట్టారు. ఆయన తన నూరో పుట్టినరోజు జరుపుకుని, 2024 డిసెంబర్ 29న కన్నుమూశారు. దాదాపు 22 నెలలు.

అందరూ హాస్పిస్‌కు ఒప్పుకోవాలని నేను అనను. ఆఖరి క్షణం దాకా పోరాడాలనుకునే మనిషికి ఆ హక్కు ఉంది. కానీ ఏది ఎంచుకుంటున్నామో తెలిసి ఎంచుకోవాలి. ‘కంఫర్టబుల్’ అన్న మాట అర్థం కాక తల ఊపడం ఎంపిక కిందకు రాదు.

విజిట్‌కు వచ్చిన పెద్దవాళ్ల విషయంలో ఇది మరింత అత్యవసరం. వారికి మెడికేర్ ఉండదు. విజిటర్ ఇన్సూరెన్సుల్లో ముందునుంచీ ఉన్న జబ్బులకు చాలా పరిమితులు ఉంటాయి. అంతకంటే ముఖ్యంగా, చాలామంది కోరిక సొంత ఊళ్లో, సొంత ఇంట్లో కన్నుమూయాలని. జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్లను విమానం ఎక్కించుకోవడానికి ఎయిర్‌లైన్స్ డాక్టరు అనుమతి పత్రం అడుగుతాయి. ప్రయాణం చేయగలిగిన కాలం ఒకటుంటుంది, అది దాటిపోతే ఎంత డబ్బున్నా తీసుకెళ్లడం కష్టం. మొదటిసారి ‘మోర్ కంఫర్టబుల్’ అన్నరోజే సంగతి అర్థమైతే ఆ కోరిక తీర్చే అవకాశం ఉంటుంది. రెండు వారాల తర్వాత అర్థమైతే ఉండకపోవచ్చు.

అక్కడ చూసుకునేవారు ఉండరనే అనుమానం కొందరికి ఉంది. హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో పాలియేటివ్ విభాగం ఉంది, స్పర్శ్ హాస్పిస్ ఉంది. మార్ఫిన్ దొరకడాన్ని సులభం చేస్తూ మత్తుమందుల చట్టాన్ని 2014లో సవరించారు. గౌరవంగా మరణించే హక్కును, ముందస్తు వైద్య వీలునామాను సుప్రీంకోర్టు 2018లో గుర్తించి, 2023లో ఆ పద్ధతిని కొంత సులభతరం చేసింది. కావలసినంత ఉందని కాదు, అసలే లేదనడం మాత్రం సరికాదు.

‘ఫర్వాలేదు బాబూ’

ఇప్పటిదాకా డాక్టరు మాట మనకు చేరడం గురించి చెప్పాను. రోగి మాట డాక్టరుకు చేరడం ఇంకా కష్టం. ‘ఆర్ యూ కంఫర్టబుల్?’ అని నర్సు అడుగుతుంది. మనం ‘బానే ఉందా నాన్నా?’ అంటాం. ఆయన ‘ఫర్వాలేదు బాబూ’ అంటారు. మనం ‘హి ఈజ్ ఓకే’ అని చెప్పేస్తాం. నర్సు రాసుకుని వెళ్లిపోతుంది. మన పెద్దవాళ్ల ‘ఫర్వాలేదు’లో ‘భరిస్తున్నాను, మిమ్మల్ని ఇబ్బంది పెట్టడం ఇష్టం లేదు’ అనే అర్థం కూడా ఉంటుందని ఆ అమ్మాయికి ఎలా తెలుస్తుంది?

నొప్పిని సున్నా నుంచి పది వరకు అంకెల్లో చెప్పమంటారు. మనవాళ్లకు అంకెలు రావు, మాటలు వస్తాయి. సలుపుతోంది, పోటు పెడుతోంది, గుంజుతోంది, పీకుతోంది, మండుతోంది, తిమ్మిరెక్కింది. ఇవన్నీ ఒకటి కావు. మంట, తిమ్మిరి నరాలకు సంబంధించినవైతే వాటికిచ్చే మందే వేరు. అందుకని ‘బానే ఉందా’ అని కాకుండా, ‘రాత్రి నిద్ర పట్టిందా, పక్కకి తిరగగలుగుతున్నారా, సలుపా మంటా, మాట్లాడుతుంటే ఆయాసం వస్తోందా’ అని విడివిడిగా అడగాలి. జవాబును అలాగే వివరంగా నర్సుకు చెప్పాలి.

ఇంకో మార్గం, దుబాసీని కోరడం. ఫెడరల్ నిధులు అందుకునే ఆసుపత్రులు ఇంగ్లిష్ సరిగా రాని రోగికి భాషా సహాయం ఉచితంగా ఇవ్వాలని చట్టం ఉంది. ఫోన్లోనో వీడియోలోనో తెలుగువారిని కలుపుతారు. ‘ఇంట్లో మేమంతా ఇంజినీర్లమే, మాకెందుకు’ అనుకోవద్దు. తండ్రి గురించి చెడ్డ మాట తల్లికి అనువదించి చెప్పాల్సిన పని కన్నకొడుకుది కాకూడదు. నోరు పెగలదు, అప్రయత్నంగానే సగం మింగేస్తాడు. ఇక పన్నెండేళ్ల మనవరాలి చేత ఆ పని చేయించడం మరీ అన్యాయం. అత్యవసర పరిస్థితిలో తప్ప పిల్లలను దుబాసీలుగా వాడకూడదని అదే చట్టం చెబుతోంది.

‘పెద్దవాళ్లకు ఇవన్నీ చెప్పకూడదు, తట్టుకోలేరు’ అనేవాళ్లున్నారు. వారి ప్రేమను నేను శంకించను. కానీ సొంత తల్లిదండ్రులను, తోబుట్టువులను చేతుల మీదుగా సాగనంపినవాళ్లు మన పెద్దవాళ్లు. మరణం గురించి మనకంటే వాళ్లకే ఎక్కువ తెలుసు. అన్నీ తెలుసుకోవాలనేవాళ్లు ఉంటారు, ‘అవన్నీ నువ్వే చూసుకో నాయనా’ అనేవాళ్లూ ఉంటారు. ఎవరు ఏ రకమో వాళ్లనే అడగాలి, మనమే నిర్ణయించేయకూడదు. అడగడానికి మంచి సమయం ఐసీయూ బయట కుర్చీల్లో కూర్చున్నప్పుడు కాదు. అందరూ కులాసాగా ఉన్నప్పుడే.

ఈ వారాంతం ఊరికి వీడియో కాల్ చేసినప్పుడు, లేదా ఇక్కడే ఉంటే సాయంత్రం కాఫీ తాగుతున్నప్పుడు, రెండు ప్రశ్నలు అడగండి. మీ ఒంట్లో బాగా లేనప్పుడు డాక్టరు చెప్పేదంతా మీకు చెప్పమంటారా, మాలో ఎవరికైనా చెబితే చాలా? మీరు నోటితో చెప్పలేని పరిస్థితి వస్తే మీ తరఫున ఎవరు మాట్లాడాలి? అమెరికాలో ఉన్నవాళ్లైతే ఆ జవాబును ‘హెల్త్ కేర్ ప్రాక్సీ’ పత్రంలో రాయించుకోండి. చాలా రాష్ట్రాల్లో దానికి లాయరు అవసరం కూడా లేదు, సాక్షుల సంతకాలు సరిపోతాయి.

తర్వాత ఎప్పుడో ఒక డాక్టరు మెత్తటి గొంతుతో ఆ మాట అంటారు. అప్పుడు తొందరపడి తల ఊపకండి. ‘దేనికంటే?’ అని అడగండి.